వెబ్‌సైట్ ఏ తెరకు సరిపోవాలి? భిలాయిలోని ఒక ఇంటి నుంచి చూస్తే...

కొన్నేళ్ల కిందటి వరకూ మన దేశంలో చాలా ప్రభుత్వ వెబ్‌సైట్ల అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనిపించేది. ఈ సైట్‌ను 1024×768 రిజల్యూషన్‌లో, ఫలానా బ్రౌజర్‌లో చూస్తే బాగుంటుందని దాని సారాంశం. కొన్ని పాత సైట్లలో ఇప్పటికీ ఉంది. చదివినా ఎవరూ చేయగలిగిందేమీ లేదు. బిల్లు కట్టడానికో ఫలితం చూడటానికో వచ్చినవాళ్లు అందుకోసం ఇంట్లో తెర మార్చుకోరు కదా.

ఆ వాక్యం చాలాచోట్ల పోయింది కానీ, దాని వెనకున్న ఆలోచన పోలేదు. కొత్త వెబ్‌సైట్ చేయించుకునే సంస్థలో తొలి సమావేశంలోనే ఎవరో ఒకరు అడుగుతారు: ‘‘ఏ రిజల్యూషన్‌కు డిజైన్ చేద్దాం?’’ జవాబుగా ఒక అంకె వస్తుంది. ఒకప్పుడు 1024, ఆ తర్వాత 1366, ఇప్పుడు 1920. తరచి చూస్తే అది చాలాసార్లు ఆ గదిలో గోడకున్న తెర కొలతే అయి ఉంటుంది. ఆ అంకె ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని గుమ్మంలోనే ఆపుతుంది అన్నది మాత్రం ఆ గదిలో తేలదు. అది తేలే చోట్లలో ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయి ఒకటి.

ఒకే ఇంట్లో ఐదు తెరలు

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. సెక్టార్ల లెక్కన కట్టిన టౌన్‌షిప్‌లో స్థిరపడ్డారు. వాళ్లకు విశాఖ ఎంత దగ్గరో చెప్పడానికి రైళ్లే సాక్ష్యం. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందేభారత్ కూడా నడుస్తోంది.

ఆ సెక్టార్లలో ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. తాతయ్య రైల్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన చేతిలో ఆరేడేళ్ల నాటి ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. కంటి ఆపరేషన్ అయ్యాక మనవరాలు సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్నీ పెద్దగా కనిపించేలా మార్చి పెట్టింది. నాయనమ్మ దగ్గర జియోఫోన్ ఉంది. దాని తెర 2.4 అంగుళాలు, 240×320 పిక్సెళ్లు. షిఫ్టు డ్యూటీకి వెళ్లే కొడుకు చేతిలో కొత్త ఫోన్, ఆయన ఆఫీసు బల్ల మీద 1366×768 డెస్క్‌టాప్. కాలేజీలో చదివే మనవరాలికి ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్. కరెంటు బిల్లు, ఆసుపత్రి సమయం, పెన్షన్ వివరాలు, పరీక్ష ఫలితం... ఏదో ఒక రోజు ఈ ఐదు తెరల మీదా ఒకే పేజీ తెరుచుకోవాల్సి వస్తుంది.

‘ఏ రిజల్యూషన్’ అన్న ప్రశ్నకు ఈ ఇంట్లో ఒక జవాబు లేదు. అసలు ఆ ప్రశ్నకు అర్థం ఉన్న రోజులూ ఉండేవి. అవి ఎలా పోయాయో ముందు చూడాలి.

అంకెలు ఎలా వచ్చాయి?

1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ ప్రమాణంతో 640×480 తెర వ్యాపించింది. తర్వాత 800×600, ఆ తర్వాత 1024×768. అప్పట్లో తెర అంటే డెస్క్‌టాప్ తెరే. రెండు మూడు కొలతలు తెలిస్తే పని జరిగిపోయేది. 800 వెడల్పు తెరకు పేజీని 760 పిక్సెళ్లకు, 1024 తెరకు 960 పిక్సెళ్లకు కుదించేవారు. 960నే ఎంచుకోవడానికి కారణం అంకగణితం. స్క్రోల్ బార్‌కు చోటు పోగా 1024లో ఇముడుతుంది. పైగా 2, 3, 4, 5, 6, 8, 10, 12, 16... ఇన్నింటితో శేషం లేకుండా భాగించవచ్చు. నిలువు కాలమ్‌లు గీసేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ పద్ధతి అచ్చు పత్రిక నుంచి వచ్చిన అలవాటు. కాగితం కొలత ముందే తెలుసు కాబట్టి అందులో అన్నీ అమర్చేవారు. వెబ్ పేజీ కాగితం కాదన్న సంగతిని ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఆల్సప్ 2000లోనే ఒక వ్యాసంలో వాదించారు. పేజీ తనంతట తాను పాత్రను బట్టి ఆకారం మార్చుకోగలదని, డిజైనర్లే దాన్ని బిగించి కట్టేస్తున్నారని ఆయన మాట. భిలాయి జనానికి ఇది సులువుగా తెలిసే పోలిక. పట్టా ఒకసారి సాగి బయటికొచ్చాక దాని కొలత మారదు, మారకూడదు కూడా. కరిగిన ఇనుము మాత్రం ఏ అచ్చులో పోస్తే ఆ రూపు తీసుకుంటుంది. వెబ్ పేజీ ఈ రెండో రకం. దాన్ని పట్టాలా చూడటమే ఇబ్బందికి మూలం.

ఆల్సప్ మాట అప్పుడు పెద్దగా చెవికెక్కలేదు. 2007లో ఐఫోన్ వచ్చింది, తెర వెడల్పు 320. అప్పటికున్న సైట్లన్నీ డెస్క్‌టాప్ కోసం కట్టినవే కాబట్టి దాని బ్రౌజర్ ఒక ఉపాయం చేసింది. తన వెడల్పు 980 అని పేజీకి నమ్మబలికి, వచ్చినదాన్ని మూడో వంతుకు కుదించి చూపింది. అక్షరాలు చీమల బారులా కనిపించేవి. రెండు వేళ్లతో లాగి చదువుకోవాల్సి వచ్చేది. ఈ ఉపాయం వద్దు, నిజమైన వెడల్పే వాడమని చెప్పడానికి పేజీ తలభాగంలో ఒక్క వరుస కోడ్ రాస్తే చాలు. ఆ ఒక్క వరుస లేని పాత సైట్లు ఈనాటి కొత్త ఫోన్లలోనూ అలాగే చీమల బారులా తెరుచుకుంటాయి.

2010 మేలో ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అనే పేరుతో దారి చూపారు. కొలతలను పిక్సెళ్లలో కాకుండా శాతాల్లో పెట్టడం, బొమ్మలు తమ గడికి తగ్గట్టు కుదించుకునేలా చేయడం, తెర వెడల్పును బట్టి అమరిక మార్చడం... ఈ మూడింటి కలయిక అది. సమయం కూడా కలిసొచ్చింది. భారత్‌లో మొబైల్ ద్వారా చూసే పేజీల సంఖ్య 2012లోనే డెస్క్‌టాప్‌ను దాటిందని స్టాట్‌కౌంటర్ లెక్క. ప్రపంచం మొత్తంగా, ట్యాబ్లెట్లను కలుపుకున్నా, ఆ మలుపు 2016 అక్టోబరు దాకా రాలేదు. అంటే ఈ విషయంలో మనం ప్రపంచం కన్నా నాలుగేళ్లు ముందున్నాం. మన వెబ్‌సైట్లు మాత్రం ముందు లేవు.

ఫోన్ డబ్బా మీది పిక్సెళ్లు వేరు

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫోన్ డబ్బా మీద 1080×2400 అని ఉంటుంది. ఆ లెక్కన అది మనవరాలి ల్యాప్‌టాప్‌లో సగానికి పైగా వెడల్పున్న తెర. మరి పేజీ అంత ఇరుకుగా ఎందుకు కనిపిస్తుంది?

వెబ్ పేజీ వాడే పిక్సెల్, తెర మీద వెలిగే చుక్క ఒకటి కావు కాబట్టి. పేజీ లెక్కల్లో పిక్సెల్ అంటే చదివేవారి కంటికి దాదాపు ఒకేలా కనిపించాల్సిన పరిమాణం. తెర మీద చుక్కలు దట్టంగా ఉంటే ఫోన్ రెండు మూడు చుక్కలను కలిపి ఒక్క పిక్సెల్‌గా చూపుతుంది. 1080×2400 ఫోన్ సాధారణంగా మూడేసి చుక్కలు కలుపుతుంది కాబట్టి పేజీకి అది 360×800 అని చెబుతుంది. 720×1600 తెరున్న చవక ఫోన్ రెండేసి కలుపుతుంది. దాని జవాబూ 360×800. కొడుకు కొత్త ఫోన్‌లో, తాతయ్య పాత ఫోన్‌లో అక్షరం నునుపు తేడాగా ఉండొచ్చేమో కానీ పేజీకి దొరికే చోటు ఒకటే కావచ్చు. కొన్ని ఫోన్లు 412 అంటాయి, కొన్ని ఐఫోన్లు 390 అంటాయి. తేడా వేలెడంత కూడా లేదు.

ల్యాప్‌టాప్‌లోనూ ఇదే కథ. 1920×1080 తెరున్న చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లు 125 శాతం పెంపుతో నడుస్తాయి. అప్పుడు పేజీకి దొరికేది 1536×864. ఇక ఆఫీసులోని 1366×768 డెస్క్‌టాప్‌లో కింద టాస్క్‌బార్, పైన బ్రౌజర్ పట్టీలు పోగా ఎత్తు 600 పైచిలుకే మిగులుతుంది. పైన సంస్థ లోగో, మంత్రిగారి ఫొటో, కదిలే ప్రకటన పట్టీ పెట్టాక అసలు విషయం కిందికి జారిపోతుంది. వెడల్పు గురించి మాట్లాడినంతగా ఎత్తు గురించి ఎవరూ మాట్లాడరు.

తాతయ్య ఫోన్‌లో మరో మెలిక ఉంది. ఆండ్రాయిడ్‌లో ‘డిస్‌ప్లే సైజు’ పెంచితే బొమ్మలు, అక్షరాలు పెద్దవవుతాయి. దానికి బదులుగా పేజీ వెడల్పు తగ్గుతుంది. 360గా ఉన్న తెర 320కో అంతకన్నా కిందికో దిగుతుంది. చూపు తగ్గిన వ్యక్తికి ఎక్కువ చోటు కావాల్సిన సమయంలో తక్కువ దొరుకుతుంది. ‘360 చాలులే’ అనుకుని కట్టిన సైట్ సరిగ్గా ఈ వయసువాళ్ల దగ్గరే విరుగుతుంది.

లెక్కల్లో కనిపించనివాళ్లు

అయితే ఏ తెరలకు ప్రాధాన్యం ఇవ్వాలో ఎలా తేల్చాలి? మామూలుగా ఇచ్చే సలహా: మీ సైట్‌కు వచ్చేవారి గణాంకాలు చూడండి. సలహా మంచిదే, కానీ అందులో పెద్ద గొయ్యి ఉంది.

ఒక సంస్థ సైట్ ఫోన్‌లో సరిగా పనిచేయదనుకుందాం. ఫోన్‌లో తెరిచినవాళ్లు అర నిమిషంలో మూసేసి వెళ్లిపోతారు. తప్పనిసరి పని ఉన్నవాళ్లు ఇంటర్నెట్ సెంటర్‌కో, ఛత్తీస్‌గఢ్‌లోనైతే చాయిస్ సెంటర్‌కో వెళ్లి అక్కడి కంప్యూటర్‌లో పని పూర్తి చేయించుకుంటారు. ఏడాది చివర గణాంకాలు తీస్తే ఏం కనిపిస్తుంది? దరఖాస్తు పూర్తిచేసినవారిలో అధికభాగం డెస్క్‌టాప్ వాడారని! అధికారులు దాన్ని చూపించి ‘‘మా జనం కంప్యూటరే వాడతారు, మొబైల్ మీద అంత ఖర్చు అక్కర్లేదు’’ అంటారు. మూసేసిన తలుపు లోపల నిలబడి, బయట ఎవరూ లేరని తీర్మానించడం లాంటిదిది.

అందుకే సైట్ తెరిచినవారి సంఖ్య ఒక్కటే చూడకూడదు. ఏ వెడల్పులో తెరిచినవారు పని పూర్తి చేయగలిగారు, ఏ వెడల్పువాళ్లు ఏ మెట్టు దగ్గర వెళ్లిపోయారు అన్నది చూడాలి. చూసేది కూడా తెర రిజల్యూషన్ కాకుండా బ్రౌజర్ కిటికీ వెడల్పు అయి ఉండాలి. స్టాట్‌కౌంటర్ వంటి సంస్థల దేశవ్యాప్త పట్టికలు ధోరణి తెలుసుకోవడానికి పనికొస్తాయి. అవి లెక్కించేది పేజీలనే తప్ప మనుషులను కాదని మర్చిపోకుంటే చాలు.

ఇది ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే అధిక పెన్షన్ వ్యవహారం గుర్తుచేసుకోవాలి. ఉద్యోగుల పెన్షన్ పథకం–1995పై సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న తీర్పు ఇచ్చింది. అసలు జీతం మీద పెన్షన్ కోరుకునే అర్హులు నాలుగు నెలల్లో ఆప్షన్ ఇవ్వాలి, అదీ ఆన్‌లైన్‌లో. గడువు 2023 మార్చి 3 నుంచి మే 3కు, అక్కణ్నుంచి జూన్ 26కు, చివరకు జులై 11కు జరిగింది. అప్పటికి దేశవ్యాప్తంగా 17 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఉక్కు పట్టణాల్లోని రిటైర్డ్ ఉద్యోగులకూ పట్టిన వ్యవహారం ఇది. జీవితాంతం అందే పెన్షన్, ఆన్‌లైన్ ఫారం, గడువు తేదీ... ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడు తెర వెడల్పు డిజైనర్ల గొడవగా మిగలదు. ఆ పోర్టల్ బాగుందా లేదా అన్నది ఇక్కడ చర్చ కాదు. అలాంటి ఫారం ఏదైనా సరే, అరవై, డెబ్బై ఏళ్ల మనిషి తన ఫోన్‌లో తానే నింపగలగాలి. లేదంటే మరొకరికి తన ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు, ఓటీపీ చెప్పి నింపించుకోవాలి. రెండోదానిలో ఎంత ప్రమాదముందో వేరే చెప్పనక్కర్లేదు.

ఫారం విషయంలో ఇంకో ముఖ్య సంగతి: కీబోర్డు. గడిలో వేలు పెట్టగానే అది పైకి లేచి తెరలో సగం దాకా మింగేస్తుంది. 800 ఎత్తులో మిగిలేది సగమే. ‘తేదీ తప్పుగా రాశారు’ అనే ఎర్ర అక్షరాలు పేజీ పైభాగాన వస్తే అవి కనిపించవు. నింపేవారికి తెలిసేదల్లా బటన్ నొక్కినా ఏమీ జరగడం లేదనే.

320 అనే గీత

ఇంత గందరగోళంలోనూ ఒక అంకెకు మాత్రం గట్టి ఆధారం ఉంది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండటానికి అంతర్జాతీయంగా పాటించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల 2.1 రూపం 2018 జూన్‌లో వచ్చింది. అందులో ఒక నియమం: పేజీ వెడల్పు 320 పిక్సెళ్లకు తగ్గినా, చదవడానికి అడ్డంగా జరపాల్సిన అవసరం రాకూడదు. మ్యాపులు, పెద్ద పట్టికలు వంటివాటికి మినహాయింపు ఉంది. 320 అనేది ఏదో పాత ఫోన్ కోసం పెట్టిన అంకె కాదు. 1280 వెడల్పు తెరను 400 శాతం పెద్దది చేసి చూసేవారికి మిగిలే చోటు అది. చూపు తగ్గినవారు డెస్క్‌టాప్‌లో వాడే పద్ధతి ఇదే. అంటే చిన్న ఫోన్‌ను దృష్టిలో పెట్టుకుని కడితే, పెద్ద తెర మీద పెద్ద అక్షరాలు కావాల్సినవారికీ పని జరుగుతుంది.

ఇది మనకు ఐచ్ఛికం కూడా కాదు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు తొలిసారి 2009లో వచ్చాయి. 2023లో వచ్చిన మూడో రూపం డబ్ల్యూసీఏజీ 2.1ను ప్రాతిపదికగా తీసుకుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 నుంచీ ఉంది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు కేవైసీ పూర్తి చేయలేక వేసిన పిటిషన్లపై వచ్చిన తీర్పు అది.

కింది గీత 320 అయితే పై గీత ఏది? నిజానికి అక్కర్లేదు. వాక్యం మరీ పొడవైతే కన్ను తర్వాతి వరుస పట్టుకోలేదు కాబట్టి రాతకు గరిష్ఠ వెడల్పు పెట్టి, మిగతా చోటు ఖాళీగా వదిలేస్తే సరిపోతుంది. మధ్యలో అమరిక ఎక్కడ మారాలన్నది ఫోన్ కంపెనీల జాబితా చూసి నిర్ణయించేది కాదు. కిటికీని 320 నుంచి మెల్లగా వెడల్పు చేస్తూ పోతే ఒకచోట పేజీ వికారంగా కనిపిస్తుంది. మార్పు అక్కడ పెట్టాలి. 360, 412, 768, 1366, 1920 వంటి అంకెలు పరీక్షించి చూసుకోవడానికే. నాయనమ్మ 240 వెడల్పు జియోఫోన్ ఈ గీతకు కిందే ఉంటుంది. అయినా 320లో నిజాయితీగా నిలిచిన సాదా పేజీ అక్కడ కూడా కొంత ఇబ్బందితో చదవడానికి వీలవుతుంది. 960కి బిగించింది మాత్రం కాదు.

తెలుగుకు ఇంకాస్త చోటు

భిలాయిలో ప్రభుత్వ వ్యవహారమంతా హిందీ, ఇంగ్లిష్‌లలో నడుస్తుంది. అదే ఇల్లు తెలుగు వార్తలకు, ఊరి కబుర్లకు ఫోన్ తెరుస్తుంది. ఇంగ్లిష్‌లో సరిచూసిన అమరిక మిగతా రెండింటిలోనూ నిలుస్తుందన్న హామీ లేదు.

తెలుగులో ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కుంటాయి. ‘ప్రవేశపెట్టబోతున్నట్లు’, ‘ప్రత్యామ్నాయాలన్నింటినీ’ వంటి మాట పెద్ద అక్షరాల్లో ఉంటే 320 తెరలో ఒక్కటే వరుసంతా ఆక్రమిస్తుంది, శీర్షికలోనైతే అంచు దాటుతుంది. ఎక్కడ విరవాలో బ్రౌజర్‌కు చెప్పకపోతే పేజీ మొత్తం అడ్డంగా జరుగుతుంది. ‘సబ్మిట్’ కోసం కొలిచి కట్టిన బటన్‌లో ‘సమర్పించండి’ పట్టదు. ఇక ఎత్తు. గుడులు పైకి, వత్తులు కిందికి పోయే లిపి మనది. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరుసల ఎడం పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం రాసి చూస్తే తెలిసిపోతుంది. ఎత్తు ఖాయంగా బిగించిన గడుల్లో వత్తుల తోకలు తెగిపోవడం తెలుగు సైట్లలో రోజూ కనిపించే దృశ్యమే.

మరి పీడీఎఫ్‌ల సంగతి?

సైట్ ఎంత బాగా కుదించుకున్నా, చివరకు నొక్కాల్సిన లింకు వెనక ఒక పీడీఎఫ్ ఉంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. సర్క్యులర్లు, సీనియారిటీ జాబితాలు, ఫలితాలు, రేట్ల పట్టికలు మన సంస్థల్లో ఇంకా ఏ4 కాగితం రూపంలోనే వెలువడతాయి. ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు. ఫోన్ తెర వెడల్పు 70కి అటూఇటూ. అంటే కాగితం మూడో వంతుకు కుదించుకుపోయి, 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్ల అక్షరమవుతుంది. 2007 నాటి ఐఫోన్ డెస్క్‌టాప్ సైట్లను ఎంతకు కుదించి చూపిందో, ఇదీ సరిగ్గా అంతే. అందులోనూ ముద్ర వేసి సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి పెడితే అక్షరాలు అక్షరాలుగా ఉండవు, బొమ్మగా ఉంటాయి. పేరు టైప్ చేసి వెతకలేరు, పెద్దది చేస్తే వరుస విరగదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అందదు.

కాగితానికి చట్టపరమైన విలువ ఉంటే దాన్ని తీసేయనక్కర్లేదు. అదే సమాచారాన్ని మామూలు పేజీగా కూడా పెట్టి, కింద స్కాన్ కాపీ లింకు ఇస్తే చాలు. పెద్ద పట్టికైతే పేరో నంబరో కొడితే ఆ ఒక్క వరుస వచ్చే ఏర్పాటు చేయొచ్చు. ఎనిమిది కాలమ్‌ల పట్టికను 320లో ఇరికించడం ఎవరివల్లా కాదు. చూసేవారికి కావాల్సింది మాత్రం తన వరుస ఒక్కటే.

సైట్‌ను మొదటి నుంచీ కట్టే డబ్బు లేని సంస్థలకు పని ఏ వరుసలో చేసుకోవాలో తేల్చుకోవడం కష్టం కాదు. హోం పేజీలో తిరిగే బొమ్మలు ఎంతకాలమైనా ఆగగలవు. ముందు గడువు తేదీ ఉన్న ఫారాలు, ఆ తర్వాత జాబితాలు, బిల్లు కట్టే పేజీ. సరిచూడటానికి ప్రత్యేక పరికరాలూ అక్కర్లేదు. ఆఫీసు కంప్యూటర్‌లో ఫారం తెరిచి, కంట్రోల్ మీట పట్టుకుని ప్లస్ గుర్తును 400 శాతం వచ్చేదాకా నొక్కాలి. ఆ స్థితిలో మౌస్‌తో అడ్డంగా జరపకుండా, మొదటి గడి నుంచి చివరి బటన్ దాకా నింపగలిగారా? లేదంటే ఎక్కడ ఆగిపోయారో, తాతయ్య ఫోన్‌లోనూ దాదాపు అక్కడే ఆగుతుంది.